బొందలగడ్డలో కెమేరా

నలభై దాటిన ఆడదానికి హాబీ అంటూ ఒకటి ఉండాలని ఈమధ్య అందరూ సలహా ఇస్తున్నారు. కుట్లూ అల్లికలూ అయితే ఎవరికీ అభ్యంతరం లేదు. మిద్దెమీద కుండీల్లో గులాబీలు పెంచితే మరీ సంతోషం. నేను కెమేరా కొనుక్కున్నప్పుడు కూడా మా ఇంట్లో ఎవరూ కాదనలేదు. పైగా మావారు నలుగురిలో "మా ఆవిడ ఫోటోలు కూడా తీస్తుందండోయ్" అని కాస్త గర్వంగానే చెప్పుకునేవారు. ఏం ఫోటోలు తీస్తుందని వాళ్ళు అడిగేదాకానే ఆ గర్వం.

"పాత సమాధులు" అని నేను చెప్పగానే ఎదుటివాళ్ళ చేతిలో కాఫీ కప్పు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు వర్షాల సంగతి ఎత్తుతారు.

మా అత్తగారు మాత్రం మాట మార్చే మనిషి కాదు. "పూలున్నయి, పిట్టలున్నయి, పక్కనే అంత పెద్ద కృష్ణ ఉన్నది. నీకు బొందలగడ్డే దొరికిందా తల్లీ?" అని నిలదీశారు. నేను తిరిగి వచ్చేసరికి పెరటి గుమ్మం దగ్గర వేణ్ణీళ్ళ బకెట్టు సిద్ధంగా ఉంటుంది. తలమీదినుంచి పోసుకుంటే గాని లోపలికి రానివ్వరు. కెమేరాకి కూడా తలంటి పొయ్యమంటారేమోనని మొదట్లో భయపడ్డాను. దాని మీద నాలుగు పసుపునీళ్ళ చుక్కలతో సరిపెట్టారు.

ఆవిడ భయంలో సగం, నేను ఆడదాన్ని కావటం. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు వాకిలి దాకా వెళ్ళి ఏడవచ్చు, వీధి మలుపు దాకా వెళ్ళి ఏడవచ్చు. ఆపైన మగవాళ్ళ పని. మన కథల్లో శ్మశానానికి వచ్చిన ఇల్లాలు ఎవరని ఆలోచిస్తే నాకు చంద్రమతి తప్ప ఇంకెవరూ తోచలేదు. చచ్చిన కొడుకుని చేతుల్లో వేసుకుని వచ్చింది కాబట్టి ఆవిణ్ణి రానిచ్చారు. రానిచ్చి కాటిసుంకం అడిగారు! ఆ హరిశ్చంద్ర నాటకంలోనే జాషువా గారి శ్మశాన పద్యాలు పాడుతుంటే చిన్నప్పుడు జనం "వన్స్‌మోర్" అని అరవటం నాకు గుర్తు. తర్వాత బి.ఏ.లో, 1751లో అచ్చయిన గ్రే గారి ఎలిజీ చదివాం. ఇద్దరు కవులూ సమాధుల మధ్య నిలబడి, రాజూ పేదా చివరికి ఒక్కచోటే అన్నారు. పద్యంలో బాగానే ఉంటుంది. కెమేరా పట్టుకుని వెళితే అలా కనిపించదు. మన ఊళ్ళల్లో ఏ కులం వాళ్ళని ఎక్కడ పెడతారో ఊళ్ళో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. చివరికి ఒక్కచోటికి చేరటం మాట అలా ఉంచండి, పక్కపక్కన కూడా చేరరు.

మావారి ఉద్యోగం పుణ్యమా అని గద్వాల, నాగర్‌కర్నూలు, వనపర్తి మూడూ తిరిగాను. 2016లో ఇవి మూడు వేరువేరు జిల్లాలయ్యాయి గాని, మా అమ్మకి ఇప్పటికీ మూడూ పాలమూరే. ఈ ప్రాంతంలో పూడ్చిపెట్టే వాళ్ళు చాలామంది. ఊరి బొందలగడ్డలో పేర్లేమీ ఉండవు. మట్టిదిబ్బ, తలవైపు ఒక రాయి, ఎక్కడైనా ఒక వేపచెట్టు. రెండు వానలకి దిబ్బ నేలలో కలిసిపోతుంది. అది ఎవరిదో వాళ్ళ ఇంటివాళ్ళకి మాత్రం తెలుసు.

క్రైస్తవుల సమాధులతోట అలా కాదు. అక్కడ అక్షరాలుంటాయి. ఈ మూడు ఊళ్ళలోనూ మెన్నొనైట్ బ్రదరెన్ మిషను వాళ్ళు పనిచేశారు. వాళ్ళ కథ విచిత్రమైనది. మాట్లాడేది జర్మన్ భాష, తాతముత్తాతలు బతికింది రష్యాలో. 1870ల్లో అక్కణ్ణించి అమెరికాకి వలస వెళ్ళి మొక్కజొన్నా గోధుమా పండించుకుంటూ, 1899లో తెలుగునేలకి మనుషుల్ని పంపారు. ఆ మిషను సంఘాల్లో పెరిగిన మన తెలుగువాళ్ళ రాళ్ళమీద "చనిపోయెను" అని ఉండదు. "ప్రభువునందు నిద్రించెను" అని ఉంటుంది. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. ఇంగ్లీషులో సిమెట్రీ అన్నమాటకి మూలమైన గ్రీకు పదానికి కూడా పడుకునేచోటనే అర్థమట. నిద్రపోతున్న వాళ్ళని ఫోటో తీయవచ్చా అన్న ప్రశ్న నన్ను మొదటిసారి పట్టుకున్నది ఆ రాయి చదువుతున్నప్పుడే. బతికున్న మనిషి నిద్రపోతుంటే వెళ్ళి ఫోటో తీస్తామా? తీస్తే లేచి ఏమంటారు? వీళ్ళు లేవరు. అంతేగదా తేడా!

ముస్లిముల పాత సమాధుల దగ్గర ఇంకో సంగతి నేర్చుకున్నాను. మన దక్కనులో చాలాచోట్ల, మగవాళ్ళ సమాధి మీద కలందాన్ అని, కలాలపెట్టె ఆకారంలో ఒక దిమ్మె చెక్కుతారు. ఆడవాళ్ళదైతే బల్లపరుపుగా ఒక పలక. కలం ఆయనది, పలక ఆవిడది. ఆయన రాస్తాడు, ఆవిడ మీద రాస్తారు! నవలలు రాసుకు బతికే నాలాంటి దానికి ఇది చూసి ఒళ్ళు మండిందంటే మీరు నవ్వకూడదు. అయినా ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ పలక ఉండబట్టే కదా, వందల ఏళ్ళ తర్వాత కూడా ఇక్కడున్నది ఒక ఆడమనిషి అని తెలిసింది. కాల్చి నీళ్ళలో కలిపేసిన మన ముత్తవ్వలకి ఆ మాత్రం గుర్తు కూడా లేదు.

ఫోటో తీయవచ్చా కూడదా అన్న దాని మీద మా మేనల్లుడికీ నాకూ చాలా వాదన జరిగింది. వాడు హైదరాబాదులో ఉద్యోగం, నా కంటే మంచి కెమేరా, నా కంటే మంచి కన్ను. "అత్తా, పాతబడితే చాలు, ఎవరిదీ కాదు" అంటాడు. కృష్ణ ఒడ్డున, నారాయణపేట జిల్లా ముడుమాలలో నిలువురాళ్ళున్నాయి, చూసే ఉంటారు. సుమారు మూడువేల ఏళ్ళనాటివి. మనిషికి రెండింతల ఎత్తు రాళ్ళు పొలాల మధ్య మొలిచినట్టు నిలబడి ఉంటాయి. 2025లో యునెస్కో వాళ్ళ తాత్కాలిక జాబితాలో కూడా చేరాయి. చచ్చిపోయినవాళ్ళ గుర్తుగా నిలబెట్టారంటారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం శాపం తగిలి రాళ్ళయిన మనుషులని చెబుతారు. వాటిని ఫోటో తీస్తే ఎవరు బాధపడతారని మావాడి ప్రశ్న.

ఎవరూ పడరు, నిజమే. నేనూ తీశాను. అయితే ఎన్నాళ్ళకి పాతబడినట్టు? మూడువేల ఏళ్ళయితే సరే. మూడువందలు? ముప్ఫై? హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది కదా, పిల్లల్ని సెలవులకి తీసుకువెళ్ళి మనందరం చూపించిన వాళ్ళమే. "అమ్మా, లోపల నిజంగా మనిషుందా?" అని పిల్లలు అడుగుతారు. "ఉందిరా, చూడు, కాలివేళ్ళు" అంటాం. బయటికొచ్చి ఐస్‌క్రీం కొనిపెడతాం. అది రెండువేల ఏళ్ళు దాటిన ఒక ఆడపిల్ల శరీరం. ఆ పిల్ల తల్లి, ఇంకెవరూ తాకకుండా ఉండాలనే కదా అన్ని గుడ్డలు చుట్టించి, అంత లోపల దాచిపెట్టించింది! ఎన్నేళ్ళు గడిస్తే ఆ తల్లి మాటకి విలువ పోతుందో నాకు బోధపడలేదు. మ్యూజియంకి వెళ్ళవద్దనటం లేదు. ఐస్‌క్రీం దగ్గర మాత్రం నాకు కొంచెం కష్టంగా ఉంటుంది.

మా ఇంట్లోనే ఒక ఫోటో ఉంది. అది మా అమ్మమ్మది. మా అమ్మమ్మ గద్వాలలో 1968లో పోయింది. మనిషి ఎలాంటిదంటే, పెళ్ళిళ్ళలో ఫోటోగ్రాఫరు వచ్చాడని తెలిస్తే వంటింట్లోకి మాయమయ్యేది. "నా మొహం నలుగురి చేతుల్లో తిరగటం నాకిష్టం లేదు" అనేదట. అన్నమాట మీద నిలబడింది కూడా. ఊపిరున్నన్నాళ్ళూ ఒక్క ఫోటో దిగలేదు. పోయినరోజున మా తాతయ్య బజారు నుంచి ఫోటోగ్రాఫర్ని పిలిపించారు. ఆ రోజుల్లో అది అందరిళ్ళల్లోనూ ఉన్నదే, మీ ఇళ్ళల్లోనూ ఉండి ఉంటుంది. గోడకి చేరవేసి కుర్చీలో కూర్చోబెట్టారు. నుదుట రూపాయంత కుంకుమ. గద్వాల చీర కట్టారు, నూలు ఒడలు, పట్టు అంచు. తెలుపునలుపు ఫోటోలో అంచు రంగు తెలీదు. చిలకాకుపచ్చ అని అమ్మ అంటుంది. రెండువైపులా పిల్లలు నిలబడ్డారు. అమ్మకి పద్నాలుగు, మా చిన్న మేనమామకి ఆరు.

ఆ ఫోటో అమ్మ ఎప్పుడూ గోడకి పెట్టలేదు. బీరువాలో పట్టుచీరల అడుగున కవర్లో ఉంటుంది. "అది అమ్మ కాదే, అమ్మ వెళ్ళిపోయిన తర్వాతిది" అంటుంది. పైగా, "బతికుండగా వద్దన్నదాన్ని చచ్చాక కూర్చోబెట్టి తీశారు. లేచి వంటింట్లోకి పోయే శక్తి ఉంటే పోయేదే" అంటుంది. మా మేనమామ అదే ఫోటోని పెద్దది చేయించి, హాల్లో పెట్టి, దండ వేసి, చిన్న ఎర్రబల్బు కూడా పెట్టాడు. ఒకసారి అమ్మ కోప్పడితే ఆయన ఎదురు చెప్పలేదు. కాసేపాగి, "అక్కా, నీకు అమ్మ మొహం గుర్తుంది. నాకు ఇదొక్కటే మొహం" అన్నాడు. అమ్మ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఎవరు న్యాయం? నేను ఎన్నోసార్లు ఆలోచించాను. అమ్మమ్మ ఇష్టం అమ్మకి తెలుసు. దాన్ని కాపాడుతోంది. మామయ్యకి అమ్మమ్మే తెలీదు. తెలుసుకోవటానికి ఆయనకి మిగిలింది ఆ కాగితం ముక్క. ఫ్రెంచి రచయిత రొలాఁ బార్త్ 1980లో ఫోటోల గురించి ఒక పుస్తకం రాశాడు. అందులో సగం, చనిపోయిన తన తల్లి చిన్నప్పటి ఫోటో ఒకటి దొరికిన సంగతే. ఆవిడ ఐదేళ్ళప్పటిది. దాని గురించి అంత రాశాడు, ఇంకా చాలా ఫోటోలు పుస్తకంలో వేశాడు, ఆ ఒక్కటీ మాత్రం వెయ్యలేదు. మీకది మామూలు ఫోటో, నాకు మాత్రమే అమ్మ అన్నాడు. ప్యారిస్‌లో కూర్చుని రాసినాయనా, గద్వాలలో మా అమ్మా ఒకే పని చేశారు. ఆయనది తత్వశాస్త్రమన్నారు, అమ్మది చాదస్తమన్నారు, అంతే తేడా.

నాకు తేలిందల్లా ఇది. ఫోటో తప్పా ఒప్పా అన్నది ఫోటోలో లేదు. ఎవరి చేతిలో ఉందన్న దాంట్లో ఉంది. అదే ఫోటో మామయ్య హాల్లో ఉంటే దేవుడిపటం. ఏ పత్రిక పోటీకో పంపి, కింద "పాతకాలపు వింత ఆచారం" అని వేస్తే, అమ్మమ్మ పరువు తీసినట్టే.

ఇక సమాధే లేకుండా పోయినవాళ్ళ మాటేమిటి? వేసవిలో సోమశిల వెళ్ళాం. నాగర్‌కర్నూలు జిల్లాలో కొల్లాపూర్ దాటి వెళితే కృష్ణ ఒడ్డున ఉంటుంది. అక్కణ్ణించి పడవెక్కితే అవతల ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళలోనే ఉండే సంగమేశ్వరం. శ్రీశైలం డ్యాం నీళ్ళకి 1981లో సుమారు వంద ఊళ్ళు ఖాళీ చేయించారు. గుళ్ళని మాత్రం రాయి రాయికీ గుర్తులు వేసి, ఊడదీసి, మెరకమీదికి తెచ్చి మళ్ళీ కట్టారు. అలంపురంలో ఇప్పుడున్న కూడవెల్లి సంగమేశ్వరాలయం అలా వచ్చిందే. జటప్రోలు మదనగోపాలస్వామి కూడా అలా లేచి వచ్చినవాడే. చేసిన వాళ్ళకి చేతులెత్తి మొక్కాలి. కాని ఊళ్ళ బొందలగడ్డలకి గుర్తులు వేసే పని ఎవరిది? వాటికి గుర్తులే లేవు గదా! మా పడవవాడు ఒకచోట తెడ్డు ఆపి, "గా నీళ్ళల్ల మా తాత ఉన్నడమ్మా" అన్నాడు. నేను అటు చూశాను. అన్నిచోట్లా ఉన్నట్టే అక్కడా నీళ్ళు. మా మేనల్లుడు కెమేరా ఎత్తి, ఒక్క క్షణం చూసి, దించేశాడు. పడవవాడు మాత్రం కొంచెం నొచ్చుకున్నట్టు, "తియ్యి సారూ, గాడ్నే" అన్నాడు. వాడికి అక్కడ తాత కనిపిస్తున్నాడు.

ఈస్టరుకి వారంరోజుల ముందు వనపర్తి సమాధులతోటకి ఇద్దరం వెళ్ళాం. పండగ తెల్లవారుఝామున సంఘమంతా కొవ్వొత్తులు పట్టుకుని అక్కడికి వస్తారు గనక, ఆ వారంలో ఎవరివి వాళ్ళు గడ్డి పీకి సున్నాలు వేసుకుంటారు. మావాడు ఒక మూల నిలబడిపోయాడు. ఇటుకలతో కట్టిన సమాధి, మీద పెచ్చులూడి, పగుళ్ళలో గడ్డి మొలిచి, నిజంగానే బొమ్మలా ఉంది. సాయంత్రపు ఎండ కూడా సరిగ్గా దానిమీదే పడింది. వాడు కెమేరా సవరించుకుంటుంటే ఒక ముసలామె చేతిలో సున్నపుబాల్చీ, ఈతకుంచె పట్టుకుని వచ్చి, ఆ గడ్డే పీకటం మొదలుపెట్టింది.

"అయ్యో, పాడుచేసేస్తోంది అత్తా!" అన్నాడు వాడు మెల్లిగా.

నాకు వాడిమీద కోపం రాలేదు. ఫోటోలు తీసేవాళ్ళందరి కళ్ళూ అంతే. మనకి పగులు కావాలి, నాచు కావాలి, ఒరిగిన సిలువ కావాలి. సున్నం వేసిన సమాధి ఎవరికి కావాలి? కాని ఒక్కసారి ఆలోచించండి. ఆ పగులు అందమంటే అర్థం, ఆ మనిషి కోసం ఎవరూ రావటం లేదనే. మనం మెచ్చుకునేది, ఎవరో ఒకరిని వాళ్ళవాళ్ళు మరిచిపోవటాన్ని. అక్కడికి ఎవరైనా బాల్చీ పట్టుకుని వస్తే మన ఫోటో చెడిపోతుంది!

ఆమె మమ్మల్ని చూసి, "ఏం బిడ్డా, ఫోటువ దీస్తున్నరా?" అంది.

"అవునవ్వా, తీసుకోవచ్చా?"

"తీసి ఏం జేస్తరు?"

"ఇంట్లో పెట్టుకుంటాం" అన్నాడు మావాడు.

ఆమె కుంచె బాల్చీలో వేసి నడుముమీద చెయ్యి పెట్టుకుంది. "నాకు అర్థం గాక అడుగుత. మావోడు మీ ఇంట్ల ఎందుకు? మీ గోడకు మావోణ్ణి ఏలాడదీసుకుంటరా? మీకు సచ్చినోళ్ళు లేరా?"

మావాడు చాలా చదువుకున్నవాడు. సమాధానం దొరకలేదు. నాకూ దొరకలేదు. నేను మూడేళ్ళుగా వెతుకుతున్న ప్రశ్నని ఆమె సున్నం కలుపుకుంటూ అడిగేసింది.

తర్వాత ఆమే మెత్తబడింది. లోపలున్నది ఆమె పెనిమిటి. పోయి ఏడేళ్ళయింది. ఒక్కడే కొడుకు, బొంబాయిలో తాపీపని. పాలమూరు మనుషులు లేకుండా బొంబాయిలో పునాది లేవదు కదా! తండ్రి పోయినప్పుడు అతను బయలుదేరి వచ్చేసరికి మట్టి ఇచ్చేశారు. తర్వాత రాకపోకలు తగ్గాయి. రెండేళ్ళు ఈమెకి మోకాళ్ళ నొప్పులు, ఇటు రాలేకపోయింది. అందుకే గడ్డి.

"తీసెటిదుంటే సున్నం ఏసినంక తియ్యి. పోరనికి పంపు. గిట్ల గడ్డితోని సూస్తే ఆడు ఏడుస్తడు."

కూర్చున్నాం. సున్నం ఆరేదాకా కూర్చున్నాం. మావాడు చొక్కా చేతులు మడిచి రెండోపూత తనే వేశాడు. ఎండ పోయింది. తెల్లటి ఇటుకల దిమ్మె, వెనక ప్రహరీ గోడ, పక్కన ప్లాస్టిక్ బాల్చీ. పోటీకి పంపితే ఎవరూ రెండోసారి చూడని ఫోటో. ఆమె చెప్పిన నంబరుకి అక్కణ్ణించే ఫోన్లో పంపాం.

రాత్రి తొమ్మిదింటికి అతను నాకు ఫోను చేశాడు. వెనక ఏదో యంత్రం మోత. "మేడం, మంచిగ వచ్చింది. పేరు గూడ కనపడుతున్నది" అన్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పక్కకు జాగ ఉన్నదా మేడం? కుడిదిక్కు? మా అమ్మకని ఇడిశిపెట్టమని అప్పట్ల చెప్పిన. ఎవరన్న పెట్టిన్రా ఏమో, ఫోటోల గంత దూరం పడలే" అన్నాడు.

మర్నాడు పొద్దున్న మా అత్తగారు నీళ్ళు కాచేలోపలే వెళ్ళాను. కుడివైపు జాగా ఖాళీగానే ఉంది. ఆరడుగుల పొడవున ఎర్రమట్టి, రెండు తుమ్మమొక్కలు, ఎవరో పారేసిన కొబ్బరిచిప్ప. కొబ్బరిచిప్ప తీసేసి, జాగా మొత్తం పడేట్టు వెనక్కి జరిగి తీశాను.